మర్ఫీ గ్రామర్ పుస్తకం: కొన్నేళ్లుగా వాడుతున్న అనుభవంతో

రేమండ్ మర్ఫీ రాసిన 'ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్' మొదట 1985లో వచ్చింది. నేను వాడుతున్నది 2019లో వచ్చిన అయిదో ఎడిషన్. మొత్తం 145 యూనిట్లు. ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసాలు.

క్రియారూపాల విషయంలో ఈ పుస్తకానికి సాటి వచ్చేది నాకింకా దొరకలేదు. 'ఆమె బ్యాంకుకి వెళ్లింది' అని మనం ఒకే మాటతో సరిపెడతాం. ఇంగ్లిష్‌లో 'షి హాజ్ గాన్' అంటే ఇంకా తిరిగి రాలేదని. 'నిన్న' అని చేరిస్తే 'వెంట్' మాత్రమే నప్పుతుంది. ఇలాంటి తేడాలను మర్ఫీ నిర్వచనాలతో మొదలుపెట్టడు, ముందు ఒక సందర్భం చూపిస్తాడు. 'స్టాప్డ్ రీడింగ్' అంటే చదవడం ఆపాడని, 'స్టాప్డ్ టు రీడ్' అంటే చదవడానికి ఆగాడని అలా చదివితేనే నాకు మనసులో నిలిచింది.

ప్రిపోజిషన్లు ('ఇన్', 'ఆన్', 'టు' లాంటి చిన్న మాటలు) 121 నుంచి 136వ యూనిట్ దాకా, ఆ తర్వాత ఫ్రేజల్ వెర్బులు, అంటే 'గివ్ అప్' లాగా క్రియకి చిన్న మాట చేరి ఏర్పడేవి. తెలుగువాళ్లకి అసలు చిక్కు ఇక్కడే. 'పాట విన్నాను' అనడానికి మనకి ఏ విభక్తీ అక్కర్లేదు, వాళ్లకి మాత్రం 'లిజన్' పక్కన 'టు' ఉండి తీరాలి. 'దాని గురించి చర్చించాం' అనే అలవాటు కొద్దీ 'డిస్కస్ అబౌట్' అనేస్తాం, కానీ అక్కడ 'అబౌట్' ఉండకూడదు. ఇవి సూత్రాలకి లొంగవు. అందుకే క్రియను ఒంటరిగా రాసుకోవడం మానేసి, 'డిపెండ్ ఆన్', 'వెయిట్ ఫర్' అని జంటగా, ఒక పూర్తి వాక్యంలో రాసుకుంటున్నాను. నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇదే.

ఒక లోపం చెప్పాలి. యూనిట్ పేరు చూడగానే జవాబు ఏ రూపంలో ఉండాలో సగం తెలిసిపోతుంది. అభ్యాసం తప్పుల్లేకుండా పూర్తవుతుంది గానీ, మాట్లాడేటప్పుడు ఆ పేరు ఎదురుగా ఉండదు కదా! చివర్లో ఉన్న అదనపు అభ్యాసాల్లో అన్నీ కలిపి ఇచ్చారు కాబట్టి వాటిని వదలకండి. వరుసగా చదవాలన్న నియమమూ లేదు. వెనకున్న స్టడీ గైడ్‌లో ఏ ప్రశ్న దగ్గర తడబడతారో ఆ యూనిట్‌కే వెళ్లండి.

ఇందులోది బ్రిటిష్ ఇంగ్లిష్, అమెరికన్ తేడాలకి చివర ఒక అనుబంధం ఉంది. జవాబులు లేని కాపీ కూడా అమ్ముతారు. సొంతంగా నేర్చుకునేవాళ్లు కొనేముందు జవాబులున్నాయో లేదో చూసుకోండి.