కాలి బైపాస్‌కు సొంత నరమా, కృత్రిమ గొట్టమా: ఏది మేలు?

మా పెదనాన్నకు కాలి బైపాస్ చేయాలన్నప్పుడు ఇంట్లో అందరూ అడిగింది ఒకటే: "కొత్త గొట్టం వేస్తారుగా, ఇక భయం లేదుగా?" కొత్తదంటే గట్టిదని మన నమ్మకం. కాలి రక్తనాళాల దగ్గర ఆ నమ్మకం పనికిరాదు.

తొడలో ధమని మూసుకుపోతే, ఆ అడ్డు దాటించి రక్తాన్ని కిందికి పంపడమే బైపాస్. దానికి గజ్జ నుంచి చీలమండ దాకా చర్మం కింద సాగే సొంత సిరనైనా వాడతారు (మనం నరం అనేస్తాం), పీటీఎఫ్‌ఈ, డేక్రాన్ లాంటి ప్లాస్టిక్ రకాలతో చేసిన కృత్రిమ గొట్టాన్నైనా వేస్తారు. సిరతో ఈ ఆపరేషన్ 1948లోనే పారిస్‌లో జాన్ కున్లిన్ చేశారు. ఇన్నేళ్లయినా దానికి సాటి వచ్చే గొట్టం రాలేదు.

బైపాస్ మోకాలి పైనే ముగిస్తే గొట్టం కూడా కొంతవరకు నిలుస్తుంది. 2003లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో ఐదేళ్లకు సిరలు 76 శాతం, పీటీఎఫ్‌ఈ గొట్టాలు 52 శాతం తెరిచి ఉన్నాయి. అసలు తేడా మోకాలి కింద, పిక్కలోని సన్నటి ధమనులకు కలిపినప్పుడు తెలుస్తుంది. 1986 నాటి అమెరికా అధ్యయనంలో నాలుగేళ్లకు సిరలు 49 శాతం నిలిస్తే, పీటీఎఫ్‌ఈ 12 శాతమే నిలిచింది. సిర లోపలి పొర సజీవమైనది, రక్తాన్ని అంత తేలిగ్గా గడ్డకట్టనివ్వదు. గొట్టానికి ఆ పొర లేదు. పైగా ఇన్‌ఫెక్షన్ పట్టిందంటే చాలాసార్లు గొట్టాన్నే తీసేయాల్సి వస్తుంది.

గొట్టంతో కోతలు తక్కువ, ఆపరేషన్ త్వరగా అయిపోతుంది. ఒంట్లో పనికొచ్చే సిర లేనివాళ్లకు అదే దిక్కు, కాలు తీసేయడం కన్నా ఎంతో మేలు. కానీ "సిర లేదు" అనే మాట స్కాన్ చేశాకే అనాలి. పెదనాన్నను నిలబెట్టి, తొడకు జెల్ రాసి, స్కాన్‌లో సిర కనిపించిన చోటల్లా పెన్నుతో గీత గీసుకుంటూ పోయారు. ఆ కాలిలో సన్నగా ఉంటే రెండో కాలు, అదీ కాకపోతే చేతులు. ఆపరేషన్‌కు ముందు ఇది చేశారా అని మొహమాటపడకుండా అడగండి.

సిర సాధారణంగా మెల్లగా ఇరుకవుతుంది, రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో ముందే పట్టుకోవచ్చు. గొట్టం చాలాసార్లు చెప్పాపెట్టకుండా మూసుకుపోతుంది. గొట్టం వేయించుకున్నవాళ్ల పాదం ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, నొప్పి మొదలైతే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి.