రెండు జడలా, బాబ్ కట్టా? బడికెళ్లే పాపకు ఏది మేలు

స్కూలు బస్సు 7:15కు గేటు దగ్గరికి వస్తుందనుకుందాం. నడుము దాకా జుట్టున్న రెండో తరగతి పిల్లకు చిక్కు తీసి, పాపిడి తీసి, రెండు జడలు అల్లి, రిబ్బన్లతో మడిచి కట్టాలంటే చేయి తిరిగినవాళ్లకైనా 12 నుంచి 15 నిమిషాలు కావాలి. బాబ్ కట్‌కు 2 నిమిషాలు చాలు. పొద్దుటి హడావిడి ఒక్కటే చూసుకుంటే కత్తెరకే ఓటు పడుతుంది. కానీ ఆడపిల్ల జుట్టు విషయంలో తలంటు, నీళ్లు, పేలు, హెల్మెట్, డాన్స్ క్లాసు, నానమ్మ మాట అన్నీ కలిసే వస్తాయి. పిల్ల ఇష్టం వీటన్నిటికంటే ముందు రావాలి.

మొదట నీళ్ల సంగతి. హైదరాబాద్‌లో మంజీరా, కృష్ణా, గోదావరి నల్లా నీళ్లు సరిగ్గా వచ్చే ఇళ్లలో పొడుగు జుట్టు పెద్ద భారం కాదు. బోరు మీద, ఎండాకాలమైతే ట్యాంకర్ల మీద నడిచే అపార్ట్‌మెంట్లలో మాత్రం కష్టమే. ఉప్పదనం ఎక్కువున్న నీళ్లతో తల కడిగితే వెంట్రుక గరుకెక్కి, ఒకదానికొకటి చుట్టుకుని చిక్కుపడుతుంది. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. 40 సెంటీమీటర్ల జడ కొస అంటే మూడేళ్లకు పైగా ఎండా, నీళ్లూ, దువ్వెన దెబ్బలూ తిన్న వెంట్రుక. చిక్కంతా కొసల్లోనే ఉండటానికి కారణం అదే. బాబ్ కట్‌లో అంత పాత వెంట్రుక మిగలదు.

జడే ఉంచాలనుకుంటే ఆఖరి కడుగుకు అర బకెట్ నల్లా నీళ్లు విడిగా పట్టి పెట్టుకోండి. కుంకుడుకాయ ఇక్కడ బాగా పనికొస్తుంది. సబ్బులాగా ఇది ఉప్పు నీళ్లలో తెట్టు కట్టదు. చిన్నపిల్ల జుట్టుకు 6 నుంచి 8 కాయలు కొట్టి, గింజ తీసి, రాత్రి వేడినీళ్లలో నానబెట్టి, పొద్దున పిసికి గుడ్డలో వడగట్టాలి. వడగట్టకపోతే పిప్పి జుట్టులో చిక్కుకుని దువ్వెనకు అడ్డం పడుతుంది. రసం కంట్లో పడితే మంట భరించలేరు. అందుకే తల వెనక్కి వాల్చి, నుదుటి మీద మడిచిన తువ్వాలు అడ్డం పెట్టి పోయాలి. ఒకసారి కళ్లు మండిన పిల్ల నెలరోజులు తలంటు అంటేనే పారిపోతుంది.

ఆరడం ఇంకో సమస్య. వానాకాలంలో పొడుగు జుట్టు గాలికి ఆరాలంటే 2, 3 గంటలు పడుతుంది. బడి రోజు పొద్దున తలంటి, తడిమీదే జడ అల్లి పంపితే లోపల చెమ్మ నిలిచి సాయంత్రానికి ముక్కవాసన వస్తుంది, చుండ్రూ పెరగొచ్చు. తడి వెంట్రుక సాగి తేలిగ్గా తెగుతుంది కూడా. కాబట్టి జడ ఉన్న పిల్లకు తలంటు ఆదివారమో, శనివారం సాయంత్రమో పెట్టుకోవాలి. బాబ్ కట్ అరగంటలో ఆరిపోతుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలై మధ్యాహ్నం ఎండలో చెమటోడుస్తూ ఇంటికొచ్చే రోజుల్లో, ఏ సాయంత్రమైనా తల కడిగేయగలగడం పెద్ద సుఖం.

ఇక పేలు. ‘జుట్టు కత్తిరిస్తే పేలు పోతాయి’ అని కత్తెర పట్టేవాళ్లే ఎక్కువ. అది నిజం కాదు. పేను బతికేది మాడు దగ్గర. ఈపులు, కొందరు ఈర్లంటారు, అవి కూడా మాడును ఆనుకునే ఉంటాయి. బాబ్ కట్‌లో ఉన్న జుట్టు దానికి ఎక్కువే. తలకు తల తగిలితే పేను ఎక్కుతుంది. బెంచీ మీద ఇద్దరు పిల్లలు ఒకే పుస్తకంలోకి వంగితే చాలు. ఆ మాటకొస్తే బిగించి అల్లిన జడ కంటే, ముందుకు జారిపడే బాబ్ జుట్టే పక్కపిల్ల తలకు ఎక్కువగా తగులుతుంది.

తేడా కనిపించేది వదిలించేటప్పుడు. తడిజుట్టుకు కండిషనర్ బాగా పట్టించి, పాయలు పాయలుగా విడదీసి, సన్నపళ్ల పేల దువ్వెనతో మాడు నుంచి కొస దాకా లాగి, ప్రతిసారీ తెల్లగుడ్డ మీద తుడవాలి. బాబ్ కట్‌కు ఈ పని 10 నిమిషాలు, నడుము దాకా ఉన్న జుట్టుకు 30 నుంచి 40 నిమిషాలు. ఒకసారితో అయిపోదు. ఈపి 7 నుంచి 10 రోజుల్లో పగులుతుంది, ఆ పిల్లపేను మళ్లీ గుడ్లు పెట్టేలోపు పట్టుకోవాలి. అందుకని 3, 4 రోజులకోసారి కనీసం రెండు వారాలు దువ్వాలి. చాలామంది మొదటి రోజు నల్లపేలన్నీ రాలాయని ఆపేస్తారు, రెండో వారం మళ్లీ మొదటికొస్తుంది. మందు వాడాలంటే 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ ఉంది. 10 నిమిషాలుంచి కడిగి, వారం పది రోజులకు రెండోసారి పెట్టాలి. పిల్లల డాక్టర్‌ను అడిగే వాడండి.

రెండు పనులు ఏ తలకూ చేయకండి. ఒకటి కిరోసిన్ రాయడం. మాడు కాలుతుంది, నిప్పు దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. రెండోది సీతాఫలం గింజల పొడి. దసరా రోజుల్లో పండ్లు విరివిగా దొరుకుతాయని గింజలు ఎండబెట్టి దంచి పెట్టే అలవాటు ఇంకా ఉంది. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది, చూపుకే ముప్పు. పేలు మందుకు పోతాయి, చూపు అలా తిరిగిరాదు.

జడకు మాత్రమే ఉన్న కీడు బిగుతు. సాయంత్రం దాకా చెదరొద్దని నుదురు లాగేసినట్టు అల్లితే కణతల దగ్గర, చెవుల పైన కుదుళ్లు బలహీనపడి జుట్టు పలచబడుతుంది. ఏళ్ల తరబడి సాగితే అక్కడ మళ్లీ మొలవకపోవచ్చు కూడా. కుదుళ్ల దగ్గర చిన్న పొక్కులు, జడ విప్పగానే ‘నొప్పి’ అని పిల్ల తల రుద్దుకోవడం, ఇవి ముందస్తు గుర్తులు. ఉత్త రబ్బరుబ్యాండు బదులు గుడ్డ చుట్టినది వాడండి. చిక్కు తీసేటప్పుడు చిక్కుకు పైన జుట్టును గుప్పిట పట్టుకుని, కొస నుంచి మొదలుపెట్టి పైకి రండి. లాగుడు మాడుకు తగలదు, ఏడుపు సగం తగ్గుతుంది.

స్కూటీ మీద దింపే ఇళ్లలో ఇంకో మాట. నాలుగేళ్లు దాటిన పిల్లకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. నడినెత్తిన పోనీటెయిల్ కడితే హెల్మెట్ కిందికి దిగదు, వదులుగా ఊగుతుంది, అలాంటిది పెట్టినా లాభం లేదు. మెడ దగ్గర, చెవుల కింద మొదలయ్యే రెండు జడలైతే ఇబ్బంది లేదు. బాబ్ కట్‌కు అసలు సమస్యే లేదు.

అలాగని బాబ్ కట్ ఖర్చు లేని బేరం కాదు. 6 నుంచి 8 వారాలకోసారి కత్తిరించకపోతే ముందుజుట్టు కళ్లలో పడుతుంది, పిల్ల నోట్‌బుక్ మీద వంగినప్పుడల్లా చేత్తో తోసుకుంటుంది. నూనె రాస్తే బుగ్గలకు అంటుతుంది. కాలర్ దాటితే కట్టుకుని రావాలని చాలా స్కూళ్లు అంటాయి, కట్టడానికేమో జుట్టు అందదు. పెంచుదామని మనసు మారితే ఈ నడిమంత్రపు దశ ఐదారు నెలలు ఉంటుంది. కత్తిరించాక జుట్టు కాస్త పైకి లేస్తుంది కాబట్టి, అనుకున్న దానికంటే రెండు వేళ్లు కిందికే కత్తిరించమని చెప్పండి. ఎక్కువైతే ఇంకా కత్తిరించొచ్చు, అతికించలేం.

కూచిపూడో, భరతనాట్యమో నేర్పిస్తున్నామని జడ ఉంచేవాళ్లున్నారు. అందుకోసం రోజూ కష్టపడనక్కర్లేదు. సవరం కట్టి పూలజడ వేయొచ్చు, ముడి వేయడానికి అందేంత జుట్టుంటే చాలు. బతుకమ్మకూ అంతే. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న మాట నమ్మి మొక్కు లేకుండా గుండు చేయించకండి. కుదురు చర్మం లోపలుంటుంది, పైన నున్నగా గీసినా దాని మందం మారదు.

జడ పక్షాన అన్నిటికంటే బలమైన మాట వేరే ఉంది. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తే ఇంట్లో ఆ 15 నిమిషాలు పిల్ల మన మోకాళ్ల మధ్య కూర్చుంటుంది. ముఖం చూడక్కర్లేని చోట పిల్లలు నిన్న క్లాసులో ఎవరు ఏమన్నారో, ఎందుకు టిఫిన్ తినలేదో చెప్పేస్తారు. ఆ కబుర్లు మీ ఇంట్లో సాగుతుంటే జడ కత్తిరించకండి. నాన్నలు కూడా అల్లడం నేర్చుకోవాలి, వారంలో చేయి కుదురుతుంది. ఆ 15 నిమిషాలు రోజూ ‘కదలకు’ అన్న అరుపులతో, ఏడుపుతో గడుస్తుంటే మాత్రం కత్తిరించేయండి. ‘ఆడపిల్లకు జడ లేకుంటే ఏం బాగుంటది?’ అన్న నానమ్మకు పెద్దవాళ్లే నెమ్మదిగా చెప్పుకోవాలి. ‘మగపిల్లాడిలా ఉన్నావ్’ అన్న మాట పిల్ల చెవిన పడనివ్వద్దు.

ఆరు నుంచి ఎనిమిదేళ్ల దాకా మా ఓటు ఈ రెంటి నడుమ దానికే. భుజం కింద నాలుగు వేళ్లు. రెండు చిన్న జడలు 5 నిమిషాల్లో అయిపోతాయి, హెల్మెట్ పడుతుంది, పేల దువ్వెన 15 నిమిషాల్లో తిరుగుతుంది, సవరమూ నిలుస్తుంది. పిల్ల గట్టిగా పొడుగు జడే కావాలంటే ఉంచండి, కాకపోతే వేసుకోవడం తనకూ నేర్పండి. ఎనిమిదో ఏట వేళ్లకు ఆ పట్టు వస్తుంది. కుర్చీ వెనక మూడు రంగుల రిబ్బన్లు కట్టి, ఎరుపు మధ్యకు, పసుపు మధ్యకు అంటూ అల్లించండి. అది వచ్చాక ఒక జడను భుజం మీంచి ముందుకు తెచ్చుకుని, కళ్లతో చూస్తూ అల్లమనండి. అద్దం ముందు వద్దు. అందులో కుడి ఎడమలు తారుమారై పిల్ల గజిబిజి పడుతుంది.