పర్ణశాలల పండుగ రోజుల్లో యెరూషలేము: ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి

పరిశుద్ధ దేశం టూర్ అనగానే మన వైపు ఒక పద్ధతి స్థిరపడిపోయింది. అమ్మాన్‌లోనో కైరోలోనో దిగడం, బస్సులో సరిహద్దు దాటడం, గలిలయ సముద్రం మీద పడవ, యొర్దానులో బాప్తిస్మం, యెరూషలేముకి రెండు రోజులు, తిరుగు ప్రయాణం. చాలామందికి జీవితంలో ఒక్కసారి దొరికే యాత్ర అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ లేవీయకాండం 23వ అధ్యాయంలోని పండుగల్ని అవి పుట్టిన నేల మీద, వాటిని ఇప్పటికీ ఆచరిస్తున్న జనం మధ్య చూడాలనుకునేవాళ్లకి ఆ పద్ధతి సరిపోదు. పండుగ రోజుల్లోనే వెళ్లాలి, యెరూషలేములోనే బస చేయాలి, ఎక్కువగా నడవాలి. 2019 అక్టోబరులో నేను, మావారు, మా అత్తయ్య అలాగే వెళ్లాం.

ఏ పండుగకి వెళ్లాలని అడిగితే నా సమాధానం పర్ణశాలల పండుగే. ఐగుప్తు నుంచి బయటికి వచ్చిన ఇశ్రాయేలీయులు పాకల్లో గడిపిన కాలాన్ని తలచుకుంటూ యూదులు జరుపుకునే పండుగ ఇది. పస్కా ఇంట్లో, కుటుంబంతో, బల్ల చుట్టూ జరుగుతుంది. ఎవరైనా పిలిస్తే తప్ప మనకి కనిపించేది తక్కువ. వారముల పండుగ అక్కడ ఒక్క రోజులో అయిపోతుంది. పర్ణశాలల పండుగ మాత్రం ఏడు రోజులు ఆరుబయటే. బాల్కనీల్లో, పార్కింగ్ స్థలాల్లో, హోటళ్ల ముందు పాకలు వెలుస్తాయి. పైగా అన్యజనులు కూడా ఈ పండుగకి యెరూషలేము రావాలని జెకర్యా 14వ అధ్యాయంలో ఉంది.

మా అత్తయ్యకి ఈ పండుగ మీద ఆసక్తి హైదరాబాదులో హెబ్రోను అనే సంఘ కేంద్రంలో మొదలైంది. సువార్తికుడు భక్తసింగ్ గారు లేవీయకాండం 23ని ఆధారం చేసుకునే పరిశుద్ధ కూటాలు మొదలుపెట్టారు. పందిళ్ల కింద చాపలు పరుచుకుని పడుకోవడం, అందరూ ఒకే బంతిలో కూర్చుని అన్నం తినడం ఆవిడ చిన్నప్పటి నుంచీ చూసిందే. "అసలు పందిళ్లు ఎలా ఉంటాయో చూడాలి" అనేది. ఆ మాటే మమ్మల్ని బయల్దేరదీసింది.

తేదీల విషయంలో జాగ్రత్త. ఈ పండుగకి కొద్ది రోజుల ముందు ప్రాయశ్చిత్త దినం వస్తుంది. ఆ రోజు దేశమంతా ఆగిపోతుంది, బెన్ గురియన్ విమానాశ్రయం కూడా మూసేస్తారు. అది దాటాక దిగేలా టికెట్లు తీసుకోండి. మేం ఢిల్లీ నుంచి టెల్ అవీవ్‌కి నేరుగా వెళ్లాం. 2018 మార్చి నుంచి ఎయిర్ ఇండియా విమానం సౌదీ మీదుగా వెళ్లడం వల్ల ప్రయాణం బాగా తగ్గింది. ఎయిర్‌పోర్టు నుంచి యెరూషలేముకి రైలు ఉంది, అరగంట లోపే దింపుతుంది. దిగే స్టేషను భూమికి సుమారు 80 మీటర్ల లోతులో ఉంటుంది, పొడవాటి ఎస్కలేటర్లు ఎక్కాలి. పెద్దవాళ్లతో ఉంటే లిఫ్ట్ ఎక్కడుందో ముందే చూసుకోవడం మంచిది. విశ్రాంతి దినం కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం రాత్రి వరకూ, అలాగే పండుగ మొదటి రోజునా ఈ రైలూ, ఊళ్లో ట్రామూ, బస్సులూ ఉండవు. దమస్కు గేటు దగ్గర అరబ్ బస్సులు మాత్రం నడుస్తాయి.

ఇక బస. మేం మొదట ఒక టూర్ ఆపరేటర్ దగ్గర "పండుగ ప్యాకేజీ" తీసుకున్నాం. హోటల్ యెరూషలేములో అని చెప్పారు, దిగాక తీసుకెళ్లింది పాలస్తీనా పాలనలో ఉన్న బెత్లెహేముకి. హోటల్ శుభ్రంగా ఉంది, అక్కడి క్రైస్తవ సిబ్బంది ఎంతో ఆదరించారు, అన్నం కూడా దొరికింది. కానీ పండుగ జరుగుతున్నది చెక్‌పోస్టుకి అవతల. రోజూ పొద్దున్నా సాయంత్రం ఆ లైన్లో బస్సు ఆగడం, రాత్రి కార్యక్రమాలు సగంలో వదిలేసి రావడం. మావారు ఫోన్ చేసి అడిగితే "అన్నీ ఒకటే సార్, పదిహేను నిమిషాల దూరం" అన్నారు. మిగతా డబ్బు వదులుకుని మేమే బయటికి వచ్చేశాం. ప్యాకేజీ తీసుకునేవాళ్లు హోటల్ పేరు, ఏ ఊరు, ఏ వీధి అన్నవి కాగితం మీద రాయించుకోండి. బెత్లెహేము చూడాల్సిన ఊరే, ఒక రోజు ప్రత్యేకంగా పెట్టుకుని చూడండి. ఈ పండుగకి బస మాత్రం అక్కడ వద్దు.

తర్వాత పాత పట్టణంలో యాఫా గేటు లోపల ఒక గెస్ట్‌హౌస్‌కి మారాం. రాతి గోడలు, చిన్న గది, కిటికీ లోంచి గంటల శబ్దం. అద్దె ఎక్కువే, పండుగ వారం కాబట్టి ఇంకా ఎక్కువ. అయినా ప్రతి రూపాయీ సార్థకమైంది. యూదుల పాత దేవాలయ ప్రాంగణంలో మిగిలిన పడమటి గోడకి, సంతకి, తవ్వకాల్లో బయటపడిన దావీదు పట్టణానికి నడిచే వెళ్లొచ్చు. ఇబ్బందల్లా మెట్లూ, నున్నటి రాళ్లూ. అత్తయ్యకి గట్టి పట్టున్న బూట్లు కొనాల్సి వచ్చింది. కొత్త పట్టణంలోని యూదుల హోటళ్లలో ఉండేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది: హోటల్ వాళ్లే పాక వేస్తారు, టిఫిన్ అందులోనే పెడతారు. విశ్రాంతి దినాన లిఫ్ట్ ప్రతి అంతస్తులో దానంతటదే ఆగుతూ వెళ్తుంది, కంగారు పడకండి.

మా గెస్ట్‌హౌస్‌కి దగ్గర్లోనే క్రైస్ట్ చర్చ్ ఉంది. 1849లో ప్రతిష్ఠించిన ఆంగ్లికన్ ఆలయం. లోపల బల్ల వెనక చెక్క పలక మీద ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు హీబ్రూ అక్షరాల్లో చెక్కి ఉంటాయి. యెరూషలేముకి మొదటి ఆంగ్లికన్ బిషప్‌గా 1842లో వచ్చిన మైకేల్ సోలమన్ అలెగ్జాండర్ యూదుడిగా పుట్టి క్రీస్తుని నమ్మినవాడు. విశ్వాసపు వేళ్లు వెతుక్కోవడం ఈ మధ్య మొదలైన మోజు కాదని ఆ పలక ముందు కూర్చుంటే అర్థమవుతుంది. ప్రవేశ రుసుము లేదు. తప్పకుండా వెళ్లండి.

పండుగ ముందు రోజు మహానే యెహూదా సంత వైపు వెళ్తే చాలు, ఆ కాస్త నడకకే ఇంత దూరం రావచ్చనిపించింది. ఈ పండుగకి చేత పట్టుకోమని లేవీయకాండంలో చెప్పిన దబ్బపండ్లు, ఈత మట్టలు, గొంజి కొమ్మలు, నిరవంజి కొమ్మలు బల్లల మీద పరిచి అమ్ముతున్నారు. నల్లకోటు వేసుకున్న ఒక పెద్దాయన పెట్టె తెరిచి, నార మధ్యలోంచి ఒక దబ్బపండు తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చూడటం మొదలుపెట్టాడు. తొక్క మీద మచ్చ ఉందా, చివర ముచ్చిక విరిగిందా అని తిప్పి తిప్పి చూశాడు. పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. పక్కనున్న పన్నెండేళ్ల మనవడికి కూడా చూపించాడు. వాడు తల అడ్డంగా ఊపితే అదీ పక్కన పెట్టేశాడు. మంచి కాయకి వందల షెకెళ్లు పెడతారు, అప్పట్లో షెకెల్ మన ఇరవై రూపాయలు. దేవుడికి ఇచ్చేదాంట్లో మచ్చ ఉండకూడదన్న మాట మేం ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. ఆ పిల్లాడు తల ఊపడం చూశాక అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు.

ఆ సాయంత్రం నుంచి దుకాణాలు బంద్. పాలు, రొట్టె, పళ్లు ముందే కొనిపెట్టుకోండి. పాత పట్టణంలో ముస్లిం, క్రైస్తవ వాడల్లో మాత్రం దుకాణాలు ఉంటాయి. మాకు అక్కడే ఫలాఫెల్, హమ్ముస్, టీ దొరికాయి. పండుగ మొదలయ్యేది పౌర్ణమి నాడు. ఆ ఏడాది మన ఆశ్వయుజ పౌర్ణమీ అదే రోజు.

పాకలోకి వెళ్లే అవకాశం మాకు తెలుగు వల్ల వచ్చింది. పడమటి గోడ దగ్గర మా మాటలు విని ఒకమ్మాయి "అక్కా, మీది ఏ ఊరు?" అంటూ వచ్చింది. గోదావరి వైపు అమ్మాయి, ఒక వృద్ధురాలిని చూసుకునే పనిలో ఉంది. ఇజ్రాయెల్‌లో ఇలా కేర్‌గివర్ పని చేసే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఇంటివాళ్లని అడిగి, రెండో రోజు సాయంత్రం మమ్మల్ని టీకి తీసుకెళ్లింది. నాలుగో అంతస్తు బాల్కనీలో పాక. మూడు పక్కల గుడ్డ గోడలు, పైన ఈత మట్టలు, పిల్లలు చేసిన రంగు కాగితం గొలుసులు, గోడకి అబ్రాహాము నుంచి దావీదు వరకూ ఏడుగురు అతిథుల పేర్లు. ఎండ కంటే నీడ ఎక్కువుండాలి, నక్షత్రాలూ కనిపించాలి, పైకప్పు లెక్క అదట. పై బాల్కనీ కిందిదానికి అడ్డం రాకుండా ఆ వీధిలో ఇళ్లని మెట్లు మెట్లుగా కట్టారు. "వర్షం వస్తే?" అని అత్తయ్య అడిగింది. గిన్నెలో జావ పాడయ్యేంత వాన పడితే లోపలికి వెళ్లొచ్చని వాళ్ల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలోనే ఉందని ఆ ఇంటాయన నవ్వుతూ చెప్పాడు. ఆ వృద్ధురాలు మా అత్తయ్య చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

ఇంటర్నేషనల్ క్రిస్టియన్ ఎంబసీ వాళ్ల సభలకీ వెళ్లాం. యెరూషలేమంతా తమ రాజధానేనని 1980లో ఇజ్రాయెల్ చేసిన యెరూషలేము చట్టం తర్వాత 13 దేశాలు తమ రాయబార కార్యాలయాల్ని అక్కడి నుంచి తీసేసినప్పుడు, క్రైస్తవులుగా మేం ఇక్కడే ఉంటామంటూ మొదలైన సంస్థ అది. అప్పటి నుంచి ఈ పండుగ జరుపుతోంది. రుసుము కట్టి ముందే నమోదు చేసుకోవాలి. ఏర్పాట్లు బాగున్నాయి, సీట్లు సౌకర్యంగా ఉన్నాయి, అనేక దేశాల వాళ్లు కలిసి పాడుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. వాళ్లు ఇజ్రాయెల్ ప్రభుత్వానికి గట్టి మద్దతుదారులు, అది తెలిసే వెళ్లాలి. పండుగ గురించి నేర్చుకోవడానికి మాత్రం ఆ సభల కంటే పాక ఉన్న ఆ బాల్కనీయే మాకు ఎక్కువ ఉపయోగపడింది. సమయం తక్కువున్నవాళ్లు సభల్లో ఒక సాయంత్రం చూసి, ఊరేగింపులో నడవండి. నగర వీధుల్లో దేశదేశాల జెండాలతో సాగే ఆ ఊరేగింపులో మన చీరలు చూసి పిల్లలు పరుగెత్తుకొచ్చి చిన్న జెండాలు, చాక్లెట్లు అడుగుతారు. ఇక్కడి నుంచే ఒక సంచీ నిండా తీసుకెళ్లండి.

పండుగ మధ్య రోజుల్లో పడమటి గోడ దగ్గర యాజకుల దీవెన ఉంటుంది. సంఖ్యాకాండం 6లోని ఆ మాటల్ని అహరోను వంశస్థులు వందల మంది తలల మీద శాలువాలు కప్పుకుని ఒకేసారి పలుకుతారు. జనం విపరీతం. ఆడవాళ్ల వైపు తోపులాటలో అత్తయ్యకి ఊపిరాడలేదు, టెన్షన్ పడ్డాం. పెద్దవాళ్లని కిందికి తీసుకెళ్లకండి, యూదుల వాడ వైపు పైమెట్ల మీద నిలబడితే చక్కగా కనిపిస్తుంది, వినిపిస్తుంది.

నా మనసుకి అన్నిటికంటే దగ్గరైంది సిలోయము కోనేరు. దేవాలయం ఉన్న రోజుల్లో ఈ పండుగ ఏడు రోజులూ యాజకుడు బంగారు పాత్రతో ఇక్కడి నీళ్లు తీసుకెళ్లి బలిపీఠం దగ్గర పోసేవాడు. యోహాను 7లో ప్రభువు "ఎవడైనను దప్పిగొనిన యెడల" అని కేక వేసింది ఈ పండుగ మహాదినానే. ఆ కోనేటి మెట్లు 2004లో బయటపడ్డాయి. దావీదు పట్టణం టికెట్ తీసుకుని, హిజ్కియా రాజు తవ్వించిన 533 మీటర్ల సొరంగంలో మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి వచ్చాం. అత్తయ్య పొడి దారిలో వచ్చింది. టార్చ్, తడిసినా పర్లేదనుకునే చెప్పులు ఉండాలి. అవతల మెట్ల మీద కూర్చుని ఆ అధ్యాయం గట్టిగా చదువుకున్నాం. చుట్టూ ఉన్నది సిల్వాన్ అనే పాలస్తీనీయుల వాడ. తవ్వకాల మీద అక్కడివాళ్లకి బాధ ఉంది, గోడల మీద రాతల్లో అది కనిపిస్తుంది. అక్కడ గౌరవంగా నడవాలి.

మోదీన్ దగ్గరి నెయోత్ కెదుమీం బైబిలు చెట్ల వనం బాగుంటుంది కానీ కారు లేకపోతే కష్టం. యేసు సమాధి ఇదేనని కొందరు నమ్మే గార్డెన్ టూమ్ ప్రశాంతం, ప్రవేశం ఉచితం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మనవాళ్లలో కొందరు ప్రార్థన శాలువాలు కప్పుకుని, గోడ దగ్గర కొమ్ము బూర ఊదుతూ వీడియోలు తీసుకుంటున్నారు. ఆ శాలువా వాళ్లకి తరతరాల నిబంధన గుర్తు, మనం అక్కడ అతిథులం. ఈ పండుగలు రాబోవువాటి ఛాయ అని కొలొస్సయులకు రాసిన పత్రికలో ఉంది కాబట్టి వీటిని ఆచరించకపోతే తప్పని ఎవరినీ భయపెట్టకూడదు. అలాగే ప్రభువు స్వయంగా వెళ్లిన పండుగని మనకి సంబంధం లేదని కొట్టిపారేయడమూ నాకు నచ్చదు. చూడండి, నేర్చుకోండి, పిలిస్తే లోపలికి వెళ్లండి.

ఖర్చు విషయానికొస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో యెరూషలేము యాత్ర సాయాన్ని పెంచింది. ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉన్నవాళ్లకి 40,000 నుంచి 60,000కి, అంతకు మించినవాళ్లకి 20,000 నుంచి 30,000కి. ఇప్పుడు ఎలా ఉందో జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి. 2023లో ఈ పండుగ ముగిసే వేళే, అక్టోబరు 7న, దాడి జరిగి యుద్ధం మొదలైంది. అప్పటి నుంచి విమానాలు, అనుమతులు తరచూ మారుతున్నాయి. మన విదేశాంగ శాఖ సూచనలు చూడకుండా టికెట్ తీసుకోవద్దు, డబ్బు వెనక్కి రాని హోటల్ బుకింగ్ అసలే వద్దు.