వేసవికి గది వదిలి వెళ్తున్నారా: సబ్‌లీజ్ మేలా, లీజ్ టేకోవర్ మేలా?

ఏప్రిల్ వచ్చిందంటే టెక్సస్‌లోని డల్లాస్ చుట్టుపక్కల తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు సబ్‌లీజ్ మెసేజ్‌లతో నిండిపోతాయి. ఇంటర్న్‌షిప్‌కి ఆస్టిన్‌కో సియాటిల్‌కో వెళ్లేవాళ్లు రిచర్డ్‌సన్‌లోనో డెంటన్‌లోనో ఉన్న గదిని ఆగస్టు దాకా ఎవరికో ఒకరికి ఇవ్వాలి, లేకపోతే రెండు చోట్లా అద్దె కట్టాలి. చదువు పూర్తయి ఉద్యోగం మీద వేరే రాష్ట్రానికి వెళ్లిపోయేవాళ్లు కూడా అదే గ్రూపులో అదే మెసేజ్ పెడతారు. చూడటానికి ఇద్దరి అవసరమూ ఒకటే అనిపిస్తుంది, కానీ ఒకరు తిరిగొస్తారు, ఇంకొకరు రారు. ఎవరికి ఏ పద్ధతి మేలో ఈ ఒక్క తేడాయే చెప్పేస్తుంది.

మనవాళ్లు తడబడటానికి మరో కారణం కూడా ఉంది. హైదరాబాద్‌లో ఇంటి అద్దెకు మామూలుగా 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటాం. మధ్యలో ఖాళీ చేయాలంటే ఒకటి రెండు నెలల ముందు ఓనర్‌కి చెబితే చాలావరకు సరిపోతుంది. అమెరికాలో 12 నెలల లీజు మీద సంతకం పెట్టామంటే చివరి తేదీ దాకా మొత్తం అద్దెకు మాట ఇచ్చినట్టే. లీజులో ‘60 రోజుల నోటీసు’ అని ఉండటం చూసి, రెండు నెలల ముందు చెబితే ఎప్పుడైనా వెళ్లిపోవచ్చని చాలామంది అనుకుంటారు. సాధారణంగా ఆ నోటీసు లీజు ముగిసేటప్పుడు రెన్యూ చేయడం లేదని చెప్పడానికి, మధ్యలో వెళ్లిపోవడానికి కాదు.

సబ్‌లీజ్‌లో లీజు మీ పేరు మీదే ఉంటుంది. మీరు ఆ గదిని ఇంకొకరికి అద్దెకిస్తారు, వాళ్లు మీకు కడతారు, మీరు ఓనర్ తరఫున ఇళ్లు చూసుకునే అపార్ట్‌మెంట్ ఆఫీసుకు కడతారు. అంటే వాళ్లకు మీరే ఓనర్, ఆఫీసు దృష్టిలో మాత్రం ఇంకా మీరే అద్దెదారు. వచ్చినవాళ్లు జులైలో డబ్బు ఇవ్వకపోతే లేట్ ఫీజు మీకు పడుతుంది. కార్పెట్ పాడుచేస్తే మీ డిపాజిట్‌లో కోస్తారు. బాకీ కలెక్షన్స్‌కి, అంటే అప్పులు వసూలు చేసే సంస్థకు వెళ్తే మీ క్రెడిట్ రిపోర్టులో, అంటే అప్పులూ చెల్లింపుల చరిత్రలో, ఏడేళ్ల దాకా ఉండొచ్చు. అప్పుడే సోషల్ సెక్యూరిటీ నంబర్ తీసుకుని క్రెడిట్ మొదలుపెట్టిన కుర్రాడికి ఇది చిన్న దెబ్బ కాదు.

లీజ్ టేకోవర్‌లో మీ స్థానంలోకి కొత్త మనిషి వస్తాడు. అతను ఆఫీసులో అప్లికేషన్ పెట్టుకుంటాడు, వాళ్లు ఆదాయం, క్రెడిట్ చూసి ఒప్పుకుంటే లీజులో అతని పేరు చేరుతుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొత్త పేరు చేరినంత మాత్రాన పాత పేరు పోయినట్టు కాదు. మిమ్మల్ని లీజు నుంచి, ఆ తర్వాతి బాకీల నుంచి విడుదల చేస్తున్నట్టు ఆఫీసు సంతకంతో కాగితం ఉండాలి. అది లేకపోతే, కొత్త మనిషి ఎగ్గొట్టినప్పుడు మళ్లీ మీ తలుపే తట్టే వీలుంది.

టేకోవర్‌కి ఇబ్బందులు లేకపోలేదు. చాలా అపార్ట్‌మెంట్లు అద్దెకు మూడు రెట్ల ఆదాయం చూపించమంటాయి. ఆగస్టులో ఇండియా నుంచి దిగే విద్యార్థికి ఆదాయమూ ఉండదు, క్రెడిటూ ఉండదు. అద్దెకు హామీ ఉండే గ్యారంటర్‌ని చూపించడమో, ఎక్కువ డిపాజిట్ కట్టడమో చేయాలి. ఈ తలనొప్పికి భయపడే జనం సబ్‌లీజ్ వైపు పోతారు.

ఒక లెక్క వేసి చూద్దాం. నెలకు 1,800 డాలర్ల ఇంట్లో ముగ్గురు, మనిషికి 600 చొప్పున కడుతున్నారనుకుందాం. ఒకరు మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నారు. గది ఖాళీగా వదిలేస్తే 1,800 పోతుంది. వేసవిలో గదులు ఎక్కువ, అడిగేవాళ్లు తక్కువ కాబట్టి నెలకు 450కే సబ్‌లీజ్‌కి ఇచ్చినా మూడు నెలల్లో పోయేది 450 మాత్రమే. ఆగస్టులో మళ్లీ అదే గది, అదే రూమ్మేట్లు. ఇలాంటివాళ్లకి సబ్‌లీజే మేలు, మూడు నెలల కోసం టేకోవర్ పెట్టుకోవడం అనవసరం.

అదే ఇంట్లో ఇంకొకరికి కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చింది, లీజు ఇంకా ఏడు నెలలుంది అనుకోండి. ఇప్పుడు సబ్‌లీజ్‌కి ఇస్తే, తెలియని మనిషి మాట మీద 4,200 డాలర్ల బాధ్యత నెత్తిన పెట్టుకుని రెండు వేల కిలోమీటర్ల అవతల కూర్చున్నట్టే. అప్లికేషన్ ఫీజు, ట్రాన్స్‌ఫర్ ఫీజు మీరే భరించాల్సి వచ్చినా సరే, వీళ్లు టేకోవరే చేయించుకోవాలి.

లీజు మధ్యలో తెంచుకోవడం మూడో దారి. టెక్సస్‌లో చాలా లీజుల్లో రీలెట్టింగ్ ఫీజు, అంటే ఇల్లు మళ్లీ అద్దెకివ్వడానికయ్యే ఖర్చు కింద తీసుకునే రుసుము, ఒక నెల అద్దెలో 85 శాతం దాకా ఉంటుంది, పైన చెప్పిన ఇంటికైతే 1,530 డాలర్లు. అది కడితే బయటపడ్డట్టు కాదు, మామూలుగా కొత్తవాళ్లు దిగేదాకా అద్దె కూడా కట్టాలి. ఇల్లు మళ్లీ అద్దెకివ్వడానికి ఓనర్ ప్రయత్నించి నష్టం తగ్గించాలని టెక్సస్ చట్టం చెబుతుంది, అద్దెదారు ఆ హక్కు వదులుకుంటున్నట్టు లీజులో రాసుకున్నా చెల్లదు. అందరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టిన జాయింట్ లీజులో ఒక్కరే తెంచుకోవడం సాధారణంగా కుదరదు. ఇంకే దారీ లేకపోతేనే దీని జోలికి వెళ్లండి.

సబ్‌లీజ్‌కి అనుమతి కావాలా అంటే, టెక్సస్‌లో కావాలి. ఓనర్ ముందస్తు అనుమతి లేకుండా అద్దెదారు ఇంకొకరికి అద్దెకివ్వకూడదని అక్కడి చట్టంలోనే ఉంది. న్యూయార్క్‌లో పరిస్థితి వేరు. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ఇళ్లున్న భవనంలో అద్దెదారు పద్ధతి ప్రకారం రాతపూర్వకంగా అడిగితే, సరైన కారణం లేకుండా ఓనర్ కాదనకూడదు. అడిగిన 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద, ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా సబ్‌లెట్‌కి ఇవ్వడం ఖాళీ చేయించడానికి ఒక కారణం.

ఇంత ఉన్నా మన పిల్లల్లో చాలామంది చేసేది ఆఫీసుకు చెప్పకుండా ఇచ్చేసే సబ్‌లీజ్. ‘అందరూ అలాగే చేస్తారు, ఎవరూ అడగరు’ అంటారు. అడిగిన రోజున ఎక్కువ నష్టపోయేది కొత్తగా వచ్చినవాడు. అతని పేరు ఏ కాగితంలోనూ ఉండదు, అడ్రస్ ప్రూఫ్ దొరకదు, పార్కింగ్ పర్మిట్ దొరకదు, వెళ్లిపొమ్మంటే ఇది నా ఇల్లని చూపించడానికి ఏమీ ఉండదు. దేశం కొత్త, డబ్బు అమ్మానాన్నలది. అలాంటి మనిషిని ఆ స్థితిలో పెట్టడం అన్యాయం. కాబట్టి గది తీసుకునేవాళ్లు ముందు అసలు లీజు చూపించమని అడగండి, ఆఫీసు అనుమతి ఇచ్చిన ఈమెయిల్ చూడండి, ఆ తర్వాతే డిపాజిట్ పంపండి. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే జెల్ (Zelle)లో మీ చేత్తో మీరు పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం.

ఇచ్చేవాళ్లు ముందుగా రూమ్మేట్లను అడగాలి. జాయింట్ లీజులో ఒకరు ఎగ్గొడితే ఆఫీసు మొత్తం అద్దె మిగతావాళ్లను అడగగలదు, అందుకే కొత్త మనిషి ఎవరన్నది వాళ్లకీ ముఖ్యమే. తర్వాత తేదీలు, అద్దె, కరెంటు, ఇంటర్నెట్ వాటాలు, డిపాజిట్ ఒక పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. తాళాలు ఇచ్చే రోజు గది ఫొటోలు తీసుకోండి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు అడ్రస్ మారిన 10 రోజుల్లో యూనివర్సిటీకి తెలపాలి, ఈ హడావుడిలో అది మరిచిపోవద్దు.

టేకోవర్‌లో డిపాజిట్ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. లీజు నడుస్తుండగా ఆఫీసు సాధారణంగా డిపాజిట్ వెనక్కివ్వదు, వచ్చేవాళ్లే మీ వాటా మీకు ఇస్తారు, అదీ రాతలో ఉండాలి. లీజు ముగిసి అందరూ ఖాళీ చేస్తే టెక్సస్‌లో ఓనర్ 30 రోజుల్లో డిపాజిట్‌ని గానీ, కోతల లెక్కను గానీ పంపాలి. అయితే మీ కొత్త అడ్రస్‌ని రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఆ బాధ్యత అతని మీద పడదు.