వీపీఎన్ రౌటర్ కొంటున్నారా? టన్నెల్‌లో ‘వాయిస్ ప్రయారిటీ’ పనిచేస్తుందో లేదో ముందే చూసుకోండి

డబ్బా మీద ‘వీపీఎన్’ (డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య సంకేతాలుగా మార్చి పంపేది) అని ఉంది, ‘వాయిస్ ప్రయారిటీ’ (ఫోన్ మాటని మిగతా డేటా కంటే ముందు పంపడం) అని కూడా ఉంది కదా అని రౌటర్ కొనేయకండి. విడివిడిగా రెండూ బాగానే పనిచేస్తాయి. ఇంటర్నెట్ కాల్స్‌ని వీపీఎన్ టన్నెల్‌లోకి (రెండు చోట్ల మధ్య ఎన్‌క్రిప్ట్ అయిన దారిలోకి) మళ్లించాకే అసలు సంగతి బయటపడుతుంది. ఎవరైనా పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టగానే అవతలివాళ్లకు మన మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. సెట్టింగుల్లో ప్రయారిటీ ఆన్‌లోనే ఉంటుంది, కానీ ఆ రూల్ పక్కన ప్యాకెట్ల (డేటా ముక్కల) లెక్క సున్నా దగ్గరే ఆగి ఉంటుంది.

ఎందుకంటే ఇలాంటి మోడళ్లు వాయిస్‌ని పోర్టు నంబరు చూసి గుర్తుపడతాయి. కాల్ కలిపే సిప్ అయితే 5060, మాటని మోసే ఆర్‌టీపీ అయితే 10000 నుంచి 20000 లాంటి రేంజి. ఎన్‌క్రిప్ట్ అయ్యాక ఆ నంబర్లు ఇక కనబడవు. నాట్ (లోపలి పరికరాలన్నీ ఒకే బయటి ఐపీ అడ్రస్ వాడుకునే పద్ధతి) వెనక ఉన్న ఐపీసెక్ (ఒక రకం వీపీఎన్) అయితే బయటి క్యూకి (ప్యాకెట్లు పంపే వరసకి) కనిపించేది యూడీపీ 4500 ఒక్కటే, ఫోను మాటా బ్యాకప్పూ అన్నీ అందులోనే. అందుకే ఫోన్ వేసిన డీఎస్‌సీపీ 46 గుర్తు (‘దీన్ని ముందు పంపు’ అని చెప్పేది) టన్నెల్ ప్యాకెట్ బయటి హెడర్ (చిరునామా ఉండే ముందు భాగం) మీదికి కాపీ అవ్వాలి. ఐపీసెక్‌లో మామూలుగా అవుతుంది. మరో రకం వీపీఎన్ అయిన ఓపెన్‌వీపీఎన్‌లో ‘పాస్‌టాస్’ ఆప్షన్ పెట్టాలి, మెనూలో ఉందో లేదో కొనకముందే అడగండి. ఇంకో రకమైన వైర్‌గార్డ్ అసలు కాపీ చేయదు. దానితో అయితే టన్నెల్ ఇంటర్‌ఫేస్ మీదే, ఎన్‌క్రిప్షన్‌కి ముందే షేపింగ్ చేసి (పంపే వేగానికి పరిమితి పెట్టి) క్యూ కట్టగలిగే రౌటర్ కావాలి. ఓపెన్‌వీపీఎన్‌ని టీసీపీ (పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే పద్ధతి) మీద నడిపితే మాత్రం ఏ ప్రయారిటీ పెట్టినా లాభం లేదు. ఒక్క ప్యాకెట్ పోతే వెనకవన్నీ దానికోసం ఆగిపోతాయి.

‘ఇన్ని కాల్స్ పడతాయి’ అనే లెక్కనీ నమ్మకండి. జీ.729 (మాటని బాగా కుదించే కోడెక్) కాల్‌లో ప్యాకెట్ 60 బైట్లు, సెకనుకు 50, అంటే 24 కేబీపీఎస్. నాట్ లేని ఐపీసెక్ టన్నెల్ మోడ్‌లో ఏఈఎస్-సీబీసీ, షా-1 (ఎన్‌క్రిప్షన్, తనిఖీ పద్ధతులు) వాడితే అదే ప్యాకెట్ 120 బైట్లవుతుంది. సరిగ్గా రెట్టింపు! అంతగా కుదించని జీ.711 అయితే 80 కేబీపీఎస్ నుంచి సుమారు 106కి పెరుగుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఎన్‌క్రిప్షన్ తర్వాత వాయిస్‌ని ముందుకు లాగితే వెనకబడ్డ డేటా ప్యాకెట్లు రీప్లే విండో (ప్యాకెట్ ఎంత వెనకబడినా ఒప్పుకునే హద్దు) దాటిపోతాయి, అవతలి వీపీఎన్ గేట్‌వే వాటిని పారేస్తుంది. చాలాచోట్ల ఆ విండో 64 ప్యాకెట్లే. కాల్స్ బాగుపడి ఫైళ్లు నత్తనడక నడుస్తుంటే ముందు ఇదే చూడండి. విండోని 1024కి పెంచే వీలుండాలి. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (ప్యాకెట్లని చిప్ నేరుగా వేగంగా పంపేయడం) ఆన్‌లో ఉంటే కొన్ని రౌటర్లలో ప్యాకెట్లు క్యూని తప్పించుకునే పోతాయి. అది ఆపేసి వీపీఎన్ వేగం మళ్లీ కొలవండి.

వాపసు గడువు లోపలే ఈ పరీక్ష చేయండి. షేపర్‌ని కొలిచిన అప్‌లోడ్‌లో 85-90 శాతానికి కట్టి, అప్‌లోడ్ నడుస్తుండగా పది నిమిషాలు కాల్ మాట్లాడండి. మోడెమ్‌కీ రౌటర్‌కీ మధ్య పోర్ట్ మిర్రరింగ్ (వెళ్లే ప్యాకెట్ల నకలు ఇచ్చే సౌకర్యం) ఉన్న స్విచ్ పెట్టి వైర్‌షార్క్‌లో (ప్యాకెట్లు చూసే ప్రోగ్రామ్‌లో) బయటి హెడర్ చూడండి. ఐపీసెక్, ఓపెన్‌వీపీఎన్ అయితే కాల్ ప్యాకెట్ల మీద 46 కనిపించాలి. ఫోన్ 46 వేస్తున్నా ఇక్కడ 0 ఉంటే గుర్తు కాపీ కాలేదన్నమాట, వెంటనే వాపసు పెట్టండి. అవతలి ఆఫీసులో చూసి తేల్చుకోవద్దు, దారిలో ప్రొవైడర్ ఆ గుర్తుని చెరిపేసి ఉండొచ్చు.