లీవోథైరాక్సిన్ మాత్ర: కొన్నేళ్ల వాడకం తరువాత ఒక సమీక్ష

థైరాయిడ్ గ్రంథి తగినంత హార్మోను చేయలేనివారు వేసుకునే, థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ వంటి పేర్లతో మన మందుల దుకాణాల్లో దొరికే లీవోథైరాక్సిన్ మాత్రను మా అమ్మ కొన్నేళ్లుగా వాడుతున్నారు. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ సరుకు గురించీ కాదు. ఆ మాత్ర గురించి, అది ఒంట్లో చేసే పని గురించి, దాన్ని వేసుకోవడంలో పాటించవలసిన పద్ధతి గురించి. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నిలకడగా పనిచేసే మందులు అరుదు. అయితే వేసుకునే పద్ధతి తప్పితే అంతే సులువుగా వృథా అయ్యే మందు కూడా ఇదే.

మాత్ర మొదలుపెట్టక ముందు అమ్మ నడి వేసవిలో కూడా దుప్పటి కప్పుకునేవారు. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చేది, తిన్నది అరిగేది కాదు. చుట్టాలందరూ వయసు మీదపడిందని అన్నారు. రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోను 40 దాటి ఉంది. అది మామూలుగా 0.4 నుంచి 4 వరకు ఉండాలి. అది హాషిమోటో వ్యాధి అని డాక్టరు గారు చెప్పారు. 1912లో జపాన్ వైద్యుడు హకారు హాషిమోటో వర్ణించిన ఈ జబ్బులో, బయటి క్రిములతో పోరాడవలసిన మన రక్షణ వ్యవస్థ మన అవటు గ్రంథినే, అంటే థైరాయిడ్‌నే, కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది.

ఈ మాత్ర విలువ తెలియాలంటే ఆ గ్రంథి ఎవరి మాట వింటుందో తెలియాలి. గొంతు ముందు భాగంలో 15 నుంచి 20 గ్రాముల బరువుండే అవటు గ్రంథి తనంతట తాను ఎంత హార్మోను చేయాలో నిర్ణయించుకోదు. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ టీఆర్‌హెచ్ అనే హార్మోనును దాని కిందనే ఉన్న పీయూష గ్రంథికి (పిట్యూటరీకి) పంపుతుంది, పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను రక్తంలోకి వదులుతుంది, దాని ప్రేరణతో అవటు గ్రంథి అయోడిన్‌ను పట్టుకుని ఎక్కువగా టీ4 (థైరాక్సిన్) అనే హార్మోనును, కొద్దిగా టీ3 అనే హార్మోనును తయారుచేస్తుంది. రక్తంలో ఆ హార్మోన్లు తగినంత చేరగానే పై రెండూ తమ ఉత్పత్తి తగ్గించుకుంటాయి. రక్తంలో టీ4, టీ3 తగ్గితే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అమ్మ రిపోర్టులో కనిపించిన 40, పనిచేయలేకపోతున్న గ్రంథిని పని చేయమని పీయూష గ్రంథి ఎంతగా ఒత్తిడి చేస్తున్నదో తెలిపే అంకె.

లీవోథైరాక్సిన్ అంటే ప్రయోగశాలలో చేసిన టీ4. గ్రంథి చేసే హార్మోనుకూ దీనికీ రసాయన నిర్మాణంలో తేడా లేదు. మింగిన టీ4లో కొంత భాగాన్ని కాలేయం, మూత్రపిండాలు, కండరాలు తమ అవసరాన్ని బట్టి చురుకైన టీ3గా మార్చుకుంటాయి. ఈ మందులో నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది ఇదే: మనం ముడిసరుకు మాత్రమే ఇస్తాం, ఏ కణజాలానికి ఎంత కావాలో శరీరమే చూసుకుంటుంది. మోతాదు సరిపోయిందో లేదో తీర్పు చెప్పేదీ మన పీయూష గ్రంథే. టీఎస్‌హెచ్ తిరిగి మామూలు స్థాయికి వస్తే చాలు.

ఇది మాత్రగా మన చేతికి రావడం వెనుక పెద్ద శ్రమ ఉంది. 1891లో ఇంగ్లండ్ వైద్యుడు జార్జ్ మరే గొర్రెల అవటు గ్రంథి నుంచి తీసిన రసాన్ని ఒక రోగికి సూదిమందుగా ఇచ్చి కోలుకునేలా చేశారు. 1914 క్రిస్మస్ నాడు అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండల్ థైరాక్సిన్‌ను స్ఫటిక రూపంలో వేరుచేశారు. దాని నిర్మాణాన్ని చార్లెస్ హారింగ్టన్ 1926లో తేల్చి, మరుసటి ఏడాది జార్జ్ బార్జర్‌తో కలిసి కృత్రిమంగా తయారుచేశారు. ఈనాటి 100 మైక్రోగ్రాముల మాత్రలు పదివేలు చేయడానికి ఒక్క గ్రాము మందు చాలు.

ఇక వాడకం సంగతి. అమ్మ మంచం పక్కన బల్ల మీద మందు సీసా, మూత పెట్టిన మంచినీళ్ల గ్లాసు రాత్రే సిద్ధంగా ఉంటాయి. నిద్ర లేవగానే పరగడుపున మాత్ర మింగి, గంట గడిచాకే కాఫీ తాగుతారు. పొద్దున్నే కాఫీ పడనిదే పని మొదలుకాని మన ఇళ్లలో ఈ గంట ఆగడం కష్టమే, కానీ మందు విలువంతా ఆ గంటలోనే ఉంది. కాఫీతో గానీ టిఫిన్‌తో గానీ వేసుకుంటే పేగులు దాన్ని సరిగా పీల్చుకోవు. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మోకాళ్ల నొప్పులకు కాల్షియం, రక్తహీనతకు ఐరన్ వాడే ఆడవాళ్లు మన దగ్గర చాలామంది, వాళ్లలో ఎక్కువమంది మాత్రలన్నీ ఒకే గుక్కలో మింగేస్తారు కాబట్టి ఈ విషయం నొక్కి చెబుతున్నాను. మోతాదు పెంచుతున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదని చెప్పేవాళ్లు ముందుగా చూసుకోవలసింది ఇదే. పొద్దున కుదరనివారు రాత్రి భోజనమైన మూడు గంటలకు వేసుకోవచ్చునేమో డాక్టరును అడగవచ్చు.

ఫలితం కోసం ఓపిక పట్టాలి. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందువల్ల మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత చేసిన పరీక్షే నమ్మదగినది. అదే కారణాన ఒక రోజు మాత్ర మరిచిపోయినా కంగారు అక్కరలేదు. నిండు గోలెంలో ఒక చెంబు తగ్గినట్టే. అమ్మకు ముందుగా మలబద్ధకం తగ్గింది, ఆ తరువాత ముఖం వాపు తీసింది, జుట్టు రాలడం ఆగడానికి మాత్రం నెలలు పట్టింది. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్లు రక్తపరీక్షకు ముందు ఆ సంగతి చెప్పాలి. కొన్ని పరీక్షా పద్ధతుల్లో అది అంకెలను తప్పుగా చూపిస్తుంది.

మందుల దుకాణంలో మాకొక చేదు అనుభవం ఎదురైంది. చీటీ మీద 12.5 అని ఉంటే, మధ్యలో చుక్కను చూసుకోని ఒక దుకాణదారు 125 మైక్రోగ్రాముల సీసా ఇచ్చారు. పదింతల మోతాదు అది. పెద్ద వయసువారిలో, గుండె జబ్బున్నవారిలో డాక్టర్లు చిన్న మోతాదుతో మొదలుపెట్టేది గుండె మీద ఒక్కసారిగా భారం పడకూడదనే. ఎక్కువైన హార్మోను గుండె లయను తప్పిస్తుంది, ఎముకలను గుల్ల చేస్తుంది. బరువు తగ్గడానికని ఆరోగ్యంగా ఉన్నవారు ఈ మాత్రలు వేసుకోవడాన్ని నేను గట్టిగా వ్యతిరేకించేది కూడా ఇందుకే. గర్భం దాల్చినవారికి మాత్రం తరచుగా మోతాదు పెంచవలసి వస్తుంది, ఎందుకంటే తొలి మూడు నెలల్లో శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. గర్భం అని తెలిసిన వెంటనే డాక్టరును కలవాలి.

అయోడిన్ ఉప్పు వాడితే మాత్రలు మానేయవచ్చా అని చాలామంది అడుగుతారు. కుదరదు. అయోడిన్ లోపం వల్ల వచ్చే గాయిటర్‌కు, అంటే అవటు గ్రంథి వాపుకు, ఆ ఉప్పు నిజంగా పరిష్కారం. 1956లో హిమాలయ ప్రాంతంలోని కాంగ్రా లోయలో మొదలైన అధ్యయనంతో దాన్ని దేశానికి రుజువు చేసి చూపినవారిలో మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి ప్రముఖులు. 1962లో ప్రారంభమైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఆ కృషే పునాది. కానీ హాషిమోటోలో కొరత అయోడిన్‌ది కాదు, పాడైనది గ్రంథి. ముడిసరుకు ఎంత ఇచ్చినా అది మళ్లీ పనిచేయదు.

ధర విషయంలో ఫిర్యాదు లేదు. నెల ఖర్చు సామాన్య కుటుంబం భరించగలిగేదే. మాత్రలను వేడికీ తేమకీ వెలుతురుకీ దూరంగా, సీసాలోనే ఉంచాలి, వంటగది అలమరలో కాదు. వాడుతున్న కంపెనీని మార్చకపోవడం మంచిది, మార్చవలసి వస్తే ఆరు వారాలకు పరీక్ష చేయించుకోవాలి. తయారీదారులందరినీ కోరేది రెండే: మోతాదు అంకెను దూరం నుంచి కూడా కనిపించేంత పెద్దగా ముద్రించాలి, పరగడుపున వేసుకోవాలన్న మాటను, కాల్షియం ఐరన్‌లతో ఉండవలసిన నాలుగు గంటల ఎడాన్ని సీసా మీద తెలుగులో రాయాలి.