పాత బాస్‌తో ఐస్‌క్రీం: మొజంజాహి మార్కెట్‌లోని ఫేమస్‌కు నా మార్కులు

పిల్లలతో కలిసి సరదాగా ఐస్‌క్రీంకు వెళ్ళేవారికి ఈ సమీక్షతో పెద్దగా పనిలేదు. వాళ్ళకు ఫేమస్ అనే ఈ ఐస్‌క్రీం దుకాణం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు కూడా. ఒకప్పుడు మీ సెలవు చీటీ మీద సంతకం పెట్టిన మనిషితో ఇప్పుడు డేటింగ్ మొదలుపెట్టాలా వద్దా అని కొట్టుమిట్టాడుతున్నారా? అయితే చదవండి. ఆ సంగతి తేల్చుకోవడానికి హైదరాబాద్‌లో ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

నేను వాహన బీమా క్లెయిముల విభాగంలో పనిచేసినప్పుడు ఆవిడ మా మేనేజర్. నేను ఆ ఉద్యోగం మానేసి వేరే కంపెనీకి మారాను, ఆవిడ అక్కడే ఉన్నారు. ఆవిడ విడాకులు తీసుకుని చాలా కాలమైంది, నాకు పెళ్ళి కాలేదు. పాత సహోద్యోగి ఇంట్లో గృహప్రవేశంలో కలిశాం, ఫోన్లు మొదలయ్యాయి. అభ్యంతరం చెప్పగల కంపెనీ నిబంధన ఏదీ ఇప్పుడు లేదు. అభ్యంతరమంతా నా వెన్నెముకలోనే ఉంది. ఆవిడ ఫోన్ వస్తే ఇప్పటికీ లేచి నిలబడి మాట్లాడతాను.

మొదట హైటెక్ సిటీలో ఒక కాఫీ షాపుకు వెళ్ళాం. పేరెందుకు లెండి. నల్ల బల్ల, ఎదురెదురు కుర్చీలు, నెత్తిన ఏసీ. కూర్చోగానే ఆవిడ ఫోను బోర్లించి, చేతులు రెండూ బల్ల మీద పెట్టారు. నేను తెలియకుండానే నోట్‌బుక్ కోసం సంచీలో చెయ్యి పెట్టాను. బిల్లు తెచ్చిన కుర్రాడు దాన్ని నా ముందు పెట్టాడు. నేను అందుకునేలోపే ఆవిడ కార్డు ఇచ్చేసి, రసీదును నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకున్నారు, రేపు అకౌంట్స్ వాళ్ళకు ఇవ్వాలన్నట్టు. "థాంక్యూ మేడం" అన్నాను. కాఫీ బాగానే ఉంది. కానీ ఇంటికి వస్తుంటే అప్రైజల్ ముగించుకుని వస్తున్నట్టే అనిపించింది.

అందుకే తర్వాతిసారి చోటు నేనే ఎంచుకున్నాను. మొజంజాహి మార్కెట్ 1935 నాటి రాతి కట్టడం. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. గడియారపు గోపురం, కమానులు, మధ్యలో ఖాళీ జాగా. ఆమధ్య పాడుబడినట్టు ఉండేది, మరమ్మతులు చేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. సాయంత్రం దీపాలు వెలిగాక ఆ రాళ్ళను చూడటానికే వెళ్ళవచ్చు. అక్కడి ఐస్‌క్రీం దుకాణాల్లో నాకు నచ్చింది ఫేమస్. బయట కుర్చీలు వేసి ఉంటాయి. ఎవరి కుర్చీ ఎవరికి ఎదురో చెప్పలేం, పక్క కుటుంబం వాళ్ళ పిల్లాడు మధ్యలోంచి పరిగెడతాడు. ఇలాంటి చోట మీటింగ్ జరపడం ఎంత గొప్ప మేనేజర్ వల్లా కాదు.

ఐస్‌క్రీం సంగతికి వస్తే, ఇది పాత పద్ధతిది. పాలు, పండు ఉన్న డబ్బాను ఐసు, ఉప్పు నింపిన తొట్టిలో పెట్టి తిప్పుతారు. ఉప్పు పడితే ఐసు ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగుతుంది, పాలు గడ్డకడతాయి. కంపెనీ ఐస్‌క్రీంలా గాలి నింపి ఉబ్బించింది కాదు, చెంచాకు బరువుగా తగులుతుంది. సీతాఫలం కాలంలో వెళితే మరేదీ అడగకండి. పాలమూరు వైపు బాలానగర్ సీతాఫలాల రుచి తెలిసినవారికి ఎందుకో చెప్పక్కర్లేదు. గుజ్జు తొనలు తొనలుగానే నోటికి వస్తుంది. వేసవిలో అయితే మామిడి.

ఆవిడ సీతాఫలం, నేను సపోటా తీసుకున్నాం. ఆవిడ అంచుల నుంచి మధ్యకు, గుండ్రంగా, ఒక వరుసలో తింటున్నారు. ఆఫీసులో ఫైళ్ళు కూడా అలాగే చూసేవారు. ఉన్నట్టుండి అడగకుండా నా గిన్నెలో చెంచా పెట్టారు. ఆ ధైర్యంతోనే కాబోలు, అడిగేశాను.

"ఆ ఏడాది అప్రైజల్లో నాకు మూడు మార్కులే వేశారు. నాలుగు వస్తుందనుకున్నాను."

"మీ సర్వేయర్ రిపోర్టులు ఎప్పుడూ ఆలస్యమే. మూడు కూడా ఎక్కువే."

"ఇంక్రిమెంట్ పోయిందండీ."

"ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నారా?" అని నవ్వారు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు నచ్చేది కాదు. ఆ మార్కు విషయంలో మెత్తబడిన మనిషి, రేపు ఇంకే విషయంలోనైనా నన్ను బుజ్జగిస్తున్నారేమోనని అనుమానం వచ్చేది.

ఐస్‌క్రీంకు ఈ వ్యవహారంలో పాత చరిత్ర ఉంది. 1989 వేసవిలో షికాగోలో ఒక న్యాయ సంస్థలో చేరిన బరాక్ ఒబామాకు పని నేర్పే బాధ్యతను మిషెల్‌కు అప్పగించారు. అతను రమ్మంటే ఆవిడ మొదట్లో ఒప్పుకోలేదు, పని నేర్పేవాళ్ళు అలా చేయడం బాగుండదని. చివరికి తొలి ముద్దు ఐస్‌క్రీం దుకాణం బయటే. ఆ చోట ఇప్పుడొక ఫలకం ఉంది. అటువైపు ఉదాహరణ కూడా ఉంది: 2019లో మెక్‌డొనాల్డ్స్ తన సీఈఓను ఉద్యోగితో సంబంధం పెట్టుకున్నారని తీసేసింది. అది ఉద్యోగంలో ఉండగా జరిగిన సంగతి. నా బేరం 'మాజీ'తో, కనుక నాకు ఉద్యోగ భయం లేదు. అయినా ఆవిడ కింద ఇప్పటికీ నా పాత స్నేహితులు పనిచేస్తున్నారు. వాళ్ళకు తెలిస్తే అప్పుడు నాకు వచ్చిన ఆ మూడు కూడా ఎలా వచ్చిందో అంటారు. ఈ మాట ఆవిడే అన్నారు, గిన్నె గీకుతూ. దాచవద్దని, ముందు మనమే చెబుదామని అన్నారు.

లేచేముందు డబ్బు నేనిచ్చాను. ఆవిడ చెయ్యి పర్సు దాకా వెళ్ళి ఆగడం చూశాను. ఈ దుకాణానికి నేను పూర్తి మార్కులు వేస్తున్నది ఆ ఆగిన చెయ్యి చూసే. కాఫీ షాపులో అది ఆగలేదు.

వెళ్ళాలనుకునేవారికి: గాంధీభవన్ మెట్రోలో దిగి నడవవచ్చు, కారు తీసుకెళ్ళకండి. ఆదివారం సాయంత్రం వద్దు, పనిదినాల్లో అయితే తాపీగా కూర్చోవచ్చు. కరిగేలోపు తినాలి కాబట్టి మాట ఎటూ తేలకపోయినా కూర్చోవడం దానంతటదే ముగుస్తుంది, మొహమాటస్తులకు అదొక మేలు. ముగించాలని లేకపోతే దగ్గరలోనే కరాచీ బేకరీ ఉంది, బిస్కట్ల కోసమని మరికాసేపు నడవండి. మేం నడిచాం.

మర్నాడు నేను చేసిన మొదటి పని మా హెచ్‌ఆర్‌కు ఉత్తరం రాయడం. నా గురించి వాకబు చేయడానికి పాత మేనేజర్‌గా ఆవిడ పేరు, నంబరు ఇచ్చి ఉన్నాను. వాటిని తీసేసి, పాత జోనల్ ఆఫీసు సారు పేరు పెట్టమన్నాను. కారణం అడిగారు. వ్యక్తిగతం అని రాశాను.